రేవు దాటిన తిండికి కాపలా ఎవరు?

ఉపవాసం విరమించే వేళ మన చేతికి మొదట అందేది ఖర్జూరపు పండు. ఈత, తాటి చెట్లకు కొదవలేని ఉత్తరాంధ్రలో ఖర్జూరం మాత్రం పండదు. ఇరాక్, ఇరాన్, సౌదీ అరేబియా, ఎమిరేట్ల నుండి ఓడలలో వచ్చి, ఏదో ఒక రేవులో దిగి, టోకు వర్తకుల గోదాములు దాటి, చివరకు శృంగవరపుకోట బజారులో తక్కెడ ఎక్కుతుంది. ఖర్జూరం ఒక్కటే కాదు. మనం వేపుడుకు వాడే పామాయిలు ఇండొనేసియా, మలేసియాలది. కందిపప్పులో కొంత మొజాంబిక్ నుండి, మయన్మార్ నుండి వస్తున్నది. ఎర్ర కందిపప్పు, ఎండు బఠాణీలలో కెనడా సరుకు ఉన్నది. షీర్ ఖుర్మాలో వేసే బాదం కాలిఫోర్నియా తోటలలో కాసినది కావచ్చు. దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతిదే. కాబట్టి దిగుమతి ఆహారమంటే నగరాల పెద్ద దుకాణాలలో మెరిసే డబ్బాలని, అది కలవారి సమస్యని అనుకోవడం పొరపాటు. రోజుకూలి చేసుకునే కుటుంబం మూకుడులోనూ విదేశీ సరుకే కాగుతున్నది.

ఈ సరుకు మన నోటికి చేరేలోగా దానిని పరీక్షించేది ఎవరు? ఏ చట్టం ప్రకారం? ఆ పరీక్ష రేవు వరకేనా, మన ఊరి దుకాణం వరకూ వస్తుందా? ప్రభుత్వం చేసినదెంత, చేయవలసినదెంత? ఈ ప్రశ్నలను మైనారిటీ హక్కుల పత్రిక ఎందుకు చర్చించాలని కొందరు అనవచ్చు. కడుపుకు హాని చేయని తిండి, మనస్సాక్షికి భంగం కలిగించని తిండి కోరడం పౌరుని మౌలిక హక్కు. ఆ హక్కు దక్కనప్పుడు అందరికన్నా ముందు నష్టపోయేది పేదలు, అల్పసంఖ్యాకులే. మా ఉద్దేశంలో ఈ చర్చకు ఆ కారణం చాలు.

విదేశీ ఆహారంతో మన దేశానికి కలిగిన అనుభవాలు నిన్న మొన్నటివి కావు. 1950, 60 దశకాలలో కరువు తీర్చడానికి పి.ఎల్. 480 ఒప్పందం కింద అమెరికా గోధుమలు ఓడల కొద్దీ వచ్చాయి. ఆకలి తీరింది. అయితే ఆ గింజల వెంట ఒక కలుపు విత్తనం కూడ దిగిందని శాస్త్రజ్ఞులలో అనేకులు చెబుతారు. అదే నేడు మన రోడ్ల పక్కన, బీడు భూములలో తెల్లని పూలతో నిండి, తాకినవారికి దురదలు, పీల్చినవారికి ఆయాసం తెచ్చే వయ్యారిభామ. ఒక దేశపు ధాన్యాన్ని పరీక్ష లేక దింపుకుంటే దాని ఫలితాన్ని ఎన్ని తరాలు అనుభవించవలసి వస్తుందో తెలుసుకోవడానికి గ్రంథాలు తిరగవేయనక్కరలేదు. ఊరి పొలిమేరకు వెళ్లి చూస్తే చాలు.

1983లో దేశాన్ని కుదిపిన వివాదం మా తరం వారికి గుర్తుండే ఉంటుంది. సబ్బుల తయారీ వంటి అవసరాల పేరిట దిగుమతి అయిన పశువుల కొవ్వును వనస్పతిలో కలిపారన్న వార్తలతో పార్లమెంటు అట్టుడికింది. కోట్లాది హిందూ సోదరుల మనసులు గాయపడ్డాయి. ప్రభుత్వం ఆ కొవ్వు దిగుమతిని నిషేధించవలసి వచ్చింది. 1986లో చెర్నోబిల్ అణు ప్రమాదం జరిగిన తరువాత ఐర్లండు నుండి వచ్చిన వెన్నలో రేడియో ధార్మికత ఉందన్న భయం ప్రబలింది. ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. న్యాయస్థానం నిపుణుల సంఘాన్ని నియమించి, వెన్న వాడకం హానికరం కాదని ఆ సంఘం తేల్చిన మీదట 1988లో వ్యాజ్యాన్ని ముగించింది. 2008లో చైనాలో పసిపిల్లల పాలపొడిలో మెలమైన్ అనే రసాయనం కలిపిన దారుణం బయటపడగానే మన ప్రభుత్వం అక్కడి పాల ఉత్పత్తులను నిషేధించింది. ఆ నిషేధాన్ని పొడిగిస్తూ వచ్చి, రేవులలోని ప్రయోగశాలలన్నిటికీ మెలమైన్‌ను గుర్తించే సామర్థ్యం సమకూరే వరకు అది కొనసాగుతుందని 2019లో ప్రకటించింది.

ఈ ఉదంతాలు చెప్పే పాఠం స్పష్టమైనది. భయం కలిగినప్పుడు దానిని తీర్చేది పరీక్ష మాత్రమే. ఐర్లండు వెన్న విషయంలో పరీక్ష భయాన్ని తొలగించింది. చైనా పాలపొడి విషయంలో పరీక్షించే శక్తి చాలకపోవడమే నిషేధాన్ని ఏళ్ల తరబడి పొడిగించింది. పరీక్ష లేనిచోట పుకారు రాజ్యమేలుతుంది. పుకారు ఎవరిని ముందుగా కాటు వేస్తుందో మన సమాజానికి వేరే చెప్పనక్కరలేదు.

చట్టం విషయానికి వద్దాం. 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం స్థానంలో పార్లమెంటు 2006లో ఆహార భద్రత, ప్రమాణాల చట్టం చేసింది. దాని కింద 2008లో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఏర్పడింది. చట్టం 2011 ఆగస్టు 5 నుండి అమలులోకి వచ్చింది. ఈ చట్టంలోని 25వ సెక్షను దిగుమతులకు సంబంధించినది. హానికరమైనది, నాసిరకమైనది, తప్పుడు లేబులు వేసినది ఏదీ దేశంలోకి రాకూడదని అది శాసిస్తున్నది. దిగుమతిదారుకు లైసెన్సు తప్పనిసరి. 2017లో వచ్చిన దిగుమతి నిబంధనలు ఈ పద్ధతిని మరింత స్థిరపరచాయి.

సరుకు రేవుకు చేరగానే దిగుమతిదారు కంప్యూటరు ద్వారా కస్టమ్సు శాఖకు వివరాలు సమర్పించాలి. ఏ సరుకును తెరిచి చూడాలి, దేనిని కాగితాల మీదనే పంపాలి అన్నది ఆ సరుకు స్వభావాన్ని, దిగుమతిదారు పూర్వ చరిత్రను బట్టి నిర్ణయమవుతుంది. పరీక్షకు ఎంపికైన సరుకు వద్దకు అధీకృత అధికారి వెళ్లి పత్రాలు, లేబులు, గడువు, పురుగు పట్టిన జాడలు చూస్తాడు. నమూనాను రెండు భాగాలుగా తీసి ఒకదానిని ప్రయోగశాలకు పంపి, రెండవదానిని దాచి ఉంచుతాడు. ఫలితం మీద దిగుమతిదారుకు అభ్యంతరముంటే ఆ రెండవ భాగాన్ని పైస్థాయి ప్రయోగశాలకు పంపుతారు. ప్రమాణాలకు సరిపోతే అనుమతి పత్రం, సరిపోకుంటే తిరస్కరణ పత్రం. తిరస్కరించిన సరుకును తిరిగి పంపివేయాలి, లేదా ధ్వంసం చేయాలి. ఆహార సంస్థకు సొంత అధికారులు లేని రేవులలో ఈ బాధ్యతను కస్టమ్సు అధికారులే నిర్వహిస్తారు.

ఇటీవలి సంవత్సరాలలో ప్రభుత్వం మరికొన్ని మంచి అడుగులు వేసిందని అంగీకరించాలి. జన్యుమార్పిడి చేయనిదని ధ్రువపత్రం ఉంటేనే ఇరవైనాలుగు రకాల పంటల దిగుమతికి 2021 నుండి అనుమతిస్తున్నారు. పాలు, మాంసం, గుడ్ల పొడి, పసిపిల్లల ఆహారం వంటివి తయారు చేసే విదేశీ కర్మాగారాలు 2023 ఫిబ్రవరి 1 నుండి మన సంస్థ వద్ద నమోదు కావాలి. తిరస్కరించిన దిగుమతుల వివరాలను ప్రజలు, ఇతర దేశాల అధికారులు కూడ చూడగలిగేలా ఒక హెచ్చరికల వేదికను 2024 సెప్టెంబరులో ప్రారంభించారు. గడువు తీరిన, తిరస్కరించిన సరుకు పేరు మార్చుకుని మళ్లీ బజారుకెక్కకుండా, దాని లెక్కలను మూడు నెలలకొకసారి ఇవ్వాలని తయారీదారులను, దిగుమతిదారులను 2024 డిసెంబరులో ఆదేశించారు. ఇవన్నీ స్వాగతించదగినవే. మంచిని మంచి అని చెప్పకపోతే చెడును చెడు అనే అర్హత పోతుంది.

అయితే నిబంధనను చదివినంత మాత్రాన సంతృప్తి చెందరాదు. దానిలోని మెలికను కూడ చూడాలి. దిగుమతి నాటికి సరుకుకు అరవై శాతం ఆయుర్దాయం మిగిలి ఉండాలన్నది ఘనంగా వినిపించే నియమం. కాని దాని పక్కనే మరొక మాట ఉన్నది: అరవై శాతం, లేదా గడువుకు మూడు నెలలు, ఈ రెంటిలో ఏది తక్కువైతే అది చాలు. ఏడాది గడువు గల పొట్లానికి అరవై శాతమంటే ఏడు నెలల పైచిలుకు. కాని మూడు నెలలు తక్కువ కాబట్టి అదే చెల్లుతుంది. అనగా తొమ్మిది నెలలు గడిచిన సరుకు కూడ చట్టబద్ధంగా రేవు దాటవచ్చు. పెద్ద నగరాలలో అమ్ముడుపోక మిగిలినది తగ్గింపు ధరకు చిన్న పట్టణాలకు వచ్చేసరికి గడువుకు ఎన్ని రోజులు మిగులుతాయో లెక్క కట్టవచ్చు. చౌకగా దొరికినదని ఆశపడి కొనేది ఎవరు? మన వంటి ఊళ్లలోని చిన్న జీతగాళ్లు, కూలీలు, పింఛనుదారులు.

విశాఖ రేవు నుండి శృంగవరపుకోటకు యాభై కిలోమీటర్ల పైచిలుకు దూరం. అరకు వెళ్లే రోడ్డు మీద, కొత్తవలస-కిరండోల్ రైలు మార్గం మీద ఉన్న ఈ ఊరు చుట్టుపక్కల మండలాలకు, ఏజెన్సీ పల్లెలకు బజారు. చట్టం ఆ రేవు దగ్గర బలంగా ఉన్నా, ఈ కొద్దిపాటి దారిలో దాని ఊపిరి సన్నగిల్లుతుంది. దిగుమతి డబ్బా మీద దేశం పేరు, దిగుమతిదారు చిరునామా, లైసెన్సు సంఖ్య, ఆకుపచ్చ లేక గోధుమరంగు గుర్తు ఉండాలని నిబంధన. కాని టోకు వర్తకుని వద్ద పెట్టె విప్పి, సరుకును గోనె సంచిలో పోసి, ఇక్కడ కిలోల లెక్కన విడిగా అమ్మినప్పుడు ఆ వివరాలన్నీ పెట్టెతోనే పోతాయి. ఖర్జూరం ఏ దేశానిది, ఏ సంవత్సరపు పంట, పురుగు పట్టకుండా దానికి ఏమి వాడారు అన్నది కొనేవానికి తెలియదు. చాలసార్లు అమ్మేవానికీ తెలియదు. పాత సరుకుకు నూనె, పాకం పూసి నిగనిగలాడించే మోసాలు ఈ చీకటిలోనే సాగుతాయి. బాదం, పిస్తా, ఎండు అంజీరలకు తేమ తగిలితే పట్టే బూజులో కాలేయాన్ని దెబ్బతీసే అఫ్లటాక్సిన్ విషం పుట్టవచ్చు. అది కంటికి కనబడదు, నాలుకకు తెలియదు. ప్రయోగశాలకే తెలుస్తుంది.

ఆ ప్రయోగశాలల సంగతి మరీ విచారకరం. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2017లో పార్లమెంటుకు ఇచ్చిన నివేదికలో, నమూనాలు పరీక్షించే 72 రాష్ట్ర ప్రయోగశాలలలో 65కు జాతీయ గుర్తింపు లేదని బయటపెట్టింది. మన రాష్ట్రానికి వస్తే, ఉమ్మడి రాష్ట్రపు ఆహార ప్రయోగశాల హైదరాబాదు నాచారంలో ఉండేది. విభజన తరువాత ఉత్తరాంధ్రకు తగిన పరీక్షా సదుపాయం ఎంత అవసరమో ప్రభుత్వానికి చెప్పవలసిన పని లేదు. చట్టం ప్రకారం ఆహార విశ్లేషకుడు నమూనా అందిన పద్నాలుగు రోజులలో నివేదిక ఇవ్వాలి. ఈ గడువును తు.చ. తప్పక పాటించినా, రంజాన్ మొదటి వారంలో తీసిన నమూనా ఫలితం వచ్చేసరికి నెల సగం దాటిపోతుంది, ఆ సరుకు తినడం కూడ పూర్తవుతుంది. సంక్రాంతి నెయ్యి విషయంలోనూ, దీపావళి మిఠాయిల విషయంలోనూ ఇదే కథ. పండుగకు నెల ముందే నమూనాలు తీస్తే ఆ పరీక్షకు అర్థముంటుంది. తరువాత తీస్తే అది దస్త్రాన్ని నింపే పని మాత్రమే. ప్రభుత్వ కార్యాలయాలలో జీవితకాలం గడిపిన వారికి ఈ తేడా బాగా తెలుసు.

మరొక లోపం భాషది. లేబులు మీద వివరాలు ఇంగ్లీషులో గాని, దేవనాగరి లిపిలోని హిందీలో గాని ఉంటే చాలునని నిబంధన. స్థానిక భాష వ్యాపారి ఇష్టం. తెలుగు మాత్రమే చదవగల తల్లి తన బిడ్డకు కొనే పాలపొడి గడువు తేదీని, అందులోని పదార్థాలను ఎలా తెలుసుకోవాలి? తెలుగు రాష్ట్రాలలో అమ్మే దిగుమతి ఆహారం మీద కనీసం సరుకు పేరు, మూలదేశం, గడువు, పదార్థాలు, హెచ్చరికలు తెలుగులో ఉండాలని మేము కోరుతున్నాము. దిగుమతిదారు పేరు, లైసెన్సు గుర్తు ఉన్న చీటీని మన గోదాములలో అంటించడానికి ఇప్పటికే అనుమతి ఉన్నది. అదే చీటీ మీద నాలుగు తెలుగు పంక్తులు వేయడం అసాధ్యమేమీ కాదు.

ఇది అసాధ్యమనేవారికి మన సముద్రతీరాన్నే చూపవచ్చు. భోగాపురం, పూసపాటిరేగ ప్రాంతాల రొయ్యల చెరువుల నుండి, శ్రీకాకుళం తీరం నుండి రొయ్యలు విదేశాలకు ఎగుమతి అవుతాయి. వాటిలో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వంటి మందుల అవశేషాలు ఉన్నాయేమోనని చెరువు దశ నుండే పరీక్షలు జరుగుతాయి. యూరోపియన్ యూనియన్ 2016లో మన సాగు రొయ్యల సరుకులో తాను పరీక్షించే వాటాను పది శాతం నుండి యాభై శాతానికి పెంచింది. రైతులు ఇబ్బంది పడ్డారు. కాని ఆ దేశాలు తమ పౌరుల కంచం విషయంలో రాజీ పడలేదు. 2024 ఏప్రిల్‌లో హాంకాంగ్ అధికారులు ఇథిలీన్ ఆక్సైడు అవశేషాలున్నాయని మన దేశపు కొన్ని మసాలా పొడుల అమ్మకాన్ని నిలిపివేశారు. మన రైతు పండించిన రొయ్యను పరాయివాడు అంత శ్రద్ధగా పరీక్షించి తింటున్నాడు. మన రైతు కొనుక్కునే నూనెను, పప్పును మన ప్రభుత్వం అదే శ్రద్ధతో పరీక్షించాలని అడగడం అత్యాశ ఎలా అవుతుంది? ఎగుమతికి ఒక నాణ్యత, ఇంటివారికి మరొక నాణ్యత అన్న నీతి స్వతంత్ర దేశానికి శోభించదు.

ఇక మనస్సాక్షి విషయం. ఆహారం విషం కాకపోవడం ఒక ఎత్తు, అది ఏమిటో నిజం చెప్పడం మరొక ఎత్తు. చాక్లెట్లలో, జెల్లీలలో, మందు గొట్టాలలో వాడే జెలటిన్ ఏ జంతువుది? జున్నులో వాడిన రెన్నెట్ ఎక్కడిది? లేబులు మీద అంకె రూపంలో కనిపించే 631 వంటి రుచి పెంచే పదార్థం మొక్కల నుండి తీసినదా, చేపల నుండి తీసినదా, పంది మాంసం నుండి తీసినదా? ముస్లిముకు ఇది హలాల్ ప్రశ్న. జైనునికి, శాకాహార వ్రతం గల వైష్ణవునికి ఇది ధర్మప్రశ్న. పంది కొవ్వు, పశువుల కొవ్వు వాడితే వాటి పేర్లనే స్పష్టంగా రాయాలని మన నిబంధనలు ఎప్పటి నుండో చెబుతున్నాయి. కాని అంకెల వెనుక దాగిన సూక్ష్మ పదార్థాల విషయంలో నిజం దాగిపోతూ వచ్చింది.

ఈ విషయంలో 2021 డిసెంబరు 9న ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ఎంతో విలువైనది. ఆహారంలో వాడిన ప్రతి పదార్థం, అది ఎంత స్వల్పమైనా, మొక్క నుండి వచ్చినదో, జంతువు నుండి వచ్చినదో, ప్రయోగశాలలో తయారైనదో పూర్తిగా వెల్లడించాలని న్యాయస్థానం ఆదేశించింది. తాను తినేదేమిటో తెలుసుకోవడం రాజ్యాంగం 21, 25 అధికరణాలు ఇచ్చిన జీవన హక్కు, మతస్వేచ్ఛలతో ముడిపడి ఉన్నదని స్పష్టం చేసింది. ఆ వ్యాజ్యం వేసినది రామ్ గౌవా రక్షా దళ్ అనే గోరక్షణ ట్రస్టు. వారు తమ విశ్వాసం కాపాడుకోవడానికి తెరిపించిన తలుపు మనకూ తెరుచుకున్నది. పాఠకులు ఈ సంగతిని మరచిపోరాదు. లేబులు మీద నిజం కోరడంలో గోవును పూజించేవారికి, పందిని నిషిద్ధంగా భావించేవారికి మధ్య వైరం లేదు. ఇద్దరి హక్కూ ఒకే వాక్యంలో నిలిచి ఉన్నది.

మన రాష్ట్రంలోనే తిరుమల లడ్డూ ప్రసాదపు నేతి మీద వివాదం రేగినప్పుడు సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని ఏర్పాటు చేసింది. అందులో సి.బి.ఐ., రాష్ట్ర పోలీసు అధికారులతో పాటు ఆహార భద్రతా సంస్థ సీనియర్ అధికారికి కూడ చోటు కల్పించింది. ఆ కేసులోని తప్పొప్పులు తేల్చడం మా పని కాదు. నెయ్యిలో కల్తీ జరిగిందన్న మాట వినగానే భక్తుల హృదయాలు ఎంత తల్లడిల్లాయో మనమంతా చూశాము. ఆ బాధను అర్థం చేసుకోగలిగినవారికి, తెలియక నిషిద్ధ పదార్థం తిన్నానేమోనని ఒక ముస్లిము పడే బాధ కూడ అర్థం కావాలి. ఆ బాధకు మతం వేరు గాని స్వభావం ఒక్కటే.

దురదృష్టవశాత్తు కొందరు పాలకులు దీనిని ఇలా చూడడం లేదు. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 2023 నవంబరు 18న హలాల్ ధ్రువీకరణ గల ఉత్పత్తుల తయారీ, నిల్వ, అమ్మకాలను నిషేధించింది. ఎగుమతి సరుకును మాత్రం మినహాయించింది. మరోవైపు కేంద్ర వాణిజ్య శాఖ 2024 అక్టోబరు నుండి కొన్ని దేశాలకు వెళ్లే మాంసానికి హలాల్ ధ్రువీకరణను ప్రభుత్వ గుర్తింపు గల పద్ధతిలో తప్పనిసరి చేసింది. విదేశీ డబ్బు తెచ్చే హలాల్ ముద్ర గౌరవనీయం, స్వదేశీ పౌరుడు కోరే హలాల్ ముద్ర నేరం అన్న ఈ ద్వంద్వనీతిని ఏ తర్కంతో సమర్థించగలరు? ప్రభుత్వం మన కోసం మతధ్రువీకరణ చేయాలని మేము అడగడం లేదు. ఎవరు ఏమి తినాలో రాజ్యం నిర్ణయించరాదు. పదార్థాల గురించి నిజం రాయించడం మాత్రం రాజ్యం బాధ్యత. ఆ నిజాన్ని చూసి తన విశ్వాసానికి తగిన నిర్ణయం పౌరుడే తీసుకుంటాడు.

ఆహార భద్రత పేరుతో మనుషుల పేర్లను పరీక్షించే ధోరణి కూడ ప్రబలుతున్నది. 2024 జూలైలో కావడి యాత్ర మార్గంలోని తినుబండారాల దుకాణాల యజమానులు తమ పేర్ల బోర్డులు పెట్టాలని వచ్చిన ఆదేశాలను సుప్రీంకోర్టు నిలిపివేసింది. ఏ రకమైన ఆహారం అమ్ముతున్నారో చెప్పమనవచ్చు గాని, యజమాని పేరు చెప్పమని బలవంతం చేయరాదన్నది దాని సారాంశం. కల్తీకి కులం లేదు, మతం లేదు. తప్పుడు లేబులు వేసే దిగుమతిదారు ఏ మతస్థుడైనా కావచ్చు. శుభ్రంగా, నిజాయితీగా అమ్మే బండివాడు ఏ మతస్థుడైనా కావచ్చు. నిజమైన పరీక్ష ఎంత బలపడితే ద్వేషపు పుకారు అంత బలహీనపడుతుంది. కనుక ఆహార చట్టాన్ని సక్రమంగా అమలు చేయమని అందరికన్నా గట్టిగా అడగవలసినది ముస్లిం సమాజమే.

ఈ దృష్టి మన సంప్రదాయానికి కొత్తది కాదు. ఖుర్ఆన్ ఆహారం గురించి చెప్పేటప్పుడు హలాల్ అన్న మాటతో పాటు తయ్యిబ్ అన్న మాటను కూడ వాడింది. ధర్మసమ్మతమైతే చాలదు, శుద్ధంగా, మేలైనదిగా కూడ ఉండాలని దాని భావం. దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి, అడుగున తడిసిన గింజలను కనుగొని, ఆ తడిని పైకి కనబడేలా ఉంచవలసినదని వర్తకుని మందలించిన సంగతి మనకు తెలుసు. ముస్లిం రాజ్యాలలో తూనికలు, కొలతలు, తినుబండారాల నాణ్యత చూడడానికి ముహ్తసిబ్ అనే అధికారి ఉండేవాడు. కౌటిల్యుని అర్థశాస్త్రమూ బజారు మీద అధ్యక్షుని నియమించింది. రాశి అడుగున చేయి పెట్టి చూడడమే పరిపాలన.

ఇప్పుడు ప్రభుత్వం ముందు మేము ఉంచే కోరికలు ఇవి. విశాఖ, కాకినాడ, కృష్ణపట్నం రేవులలో దిగే ఆహార సరుకును పరీక్షించడానికి చాలినంత మంది శిక్షణ పొందిన అధికారులను నియమించాలి. ఉత్తరాంధ్ర జిల్లాలకు విశాఖలో జాతీయ గుర్తింపు, పూర్తి సామగ్రి, సిబ్బంది గల ప్రయోగశాల పనిచేయాలి. పెట్టె విప్పి విడిగా అమ్మే దిగుమతి సరుకు మీద మూలదేశం, గడువు రాసిన పలక ఉంచాలన్న నియమం తేవాలి. మూడు నెలల వెసులుబాటును సవరించాలి. పండుగలకు నెల ముందే చిన్న పట్టణాలలో నమూనాలు తీసి ఫలితాలను తెలుగులో ప్రకటించాలి. ఢిల్లీ హైకోర్టు ఉత్తర్వును దిగుమతి సరుకు విషయంలో అక్షరాలా అమలు చేయాలి. తనిఖీల పేరుతో తోపుడు బండ్ల వారిని, చిల్లర వర్తకులను వేధించక, సరుకు వచ్చిన టోకు గోదాము దాకా వెళ్లి మూలాన్ని పట్టుకోవాలి. తెలియక అమ్మిన చిల్లర వర్తకునికి జరిమానా, తెలిసి పంపిన పెద్ద వర్తకునికి మినహాయింపు అనే పద్ధతి న్యాయం కాదు.

మన వంతు పని కూడ ఉన్నది. చట్టంలోని 40వ సెక్షను ప్రకారం ఏ కొనుగోలుదారైనా తాను కొన్న ఆహారాన్ని రుసుము చెల్లించి ఆహార విశ్లేషకుని చేత పరీక్ష చేయించుకోవచ్చు. తాను అలా చేస్తున్నట్లు కొనే సమయంలోనే వర్తకునికి తెలియజేయాలి. దోషం తేలితే ఆ రుసుము తిరిగి వస్తుంది. ఈ హక్కును ఒక్కొక్కరు వాడుకోవడం కష్టం గాని, ఒక మసీదు కమిటీ, ఒక మహిళా సంఘం, ఒక వినియోగదారుల సంఘం కలిసి వాడుకోవడం కష్టం కాదు. ఇఫ్తార్ విందులకు, ఈద్ పంపిణీలకు మసీదు కమిటీలు ఖర్జూరం టోకుగా కొంటాయి. కొనేటప్పుడు పెట్టె మీద దిగుమతిదారు చిరునామా, పద్నాలుగు అంకెల లైసెన్సు సంఖ్య, గడువు ఉన్నాయో లేవో చూడాలి. రసీదు తప్పక తీసుకోవాలి. అవి లేని సరుకు ఎంత చౌకైనా దానం చేయదగినది కాదు. వర్తకులైన సోదరులు స్వల్ప రుసుముతో లభించే నమోదు పత్రాన్ని పొంది దుకాణంలో కనబడేలా ఉంచాలి. అది వారికి రక్ష, కొనేవారికి నమ్మకం. అనుమానం కలిగినప్పుడు వాట్సాప్‌లో వీడియోలు పంచడం మాని, జిల్లా ఆహార భద్రతాధికారికి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి, అందినట్లు సంతకం తీసుకోవాలి. జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయవచ్చు. ఫిర్యాదుకు జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉండనే ఉన్నది. మా అనుభవంలో కాగితం మీద పెట్టిన ప్రశ్నకు ఆలస్యంగానైనా కదలిక వస్తుంది, నోటిమాటకు రాదు.

హానికరమైన ఆహారం జీవించే హక్కుకే ముప్పు అని సుప్రీంకోర్టు 2013లో స్పష్టంగా చెప్పింది. ఆ హక్కు విశాఖ రేవు గేటు దగ్గర ఆగిపోకూడదు. అది టోకు గోదాములోకి, చిల్లర దుకాణంలోకి, సంతలోని గోనె పట్టా మీదికి, మన్యం నుండి దిగివచ్చి సరుకు కొనుక్కునే గిరిజన సోదరి సంచిలోకి కూడ రావాలి. ఇది ఒక మతం వారి కోరిక కాదు, ఒక ఊరి వారి కోరిక కాదు. అందరూ కలిసి అడగవలసిన ఈ కోరికను మొదట కాగితం మీద పెట్టేవారిలో మనముందాం. రాబోయే రంజాన్‌కు ముందే మన మండలంలో దిగుమతి సరుకు నమూనాలు తీయాలని కోరుతూ ఒక విజ్ఞాపన రాసి, అన్ని మతాల పెద్దల సంతకాలతో జిల్లా కలెక్టరుకు అందజేయాలని శృంగవరపుకోట పాఠకులను కోరుతున్నాము.